సీలు తీయని బొమ్మకు అయిదు స్టార్లు

జూన్ పద్నాలుగు, శనివారం. మధ్యాహ్నం నేను తిన్నది రెండు ఉడికించిన గుడ్లు, ఒక పక్క మాడిన బ్రెడ్డు ముక్కలు మూడు. తేదీ సరే, తిండి కూడా ఎందుకు గుర్తుందంటారా? మూడో ముక్క నోట్లో ఉండగా నాకు జ్ఞానోదయమైంది గనక!

ఆడుకోవడానికి వీల్లేని బొమ్మే అసలైన బొమ్మ. ఇంత చిన్న సంగతి తెలియక మానవజాతి ఇన్ని వేల ఏళ్ళు బొమ్మలు చేసింది, పిల్లల చేతికిచ్చింది, విరగ్గొట్టించుకుంది.

నమ్మరు కదూ? మా హాల్లోకి రండి. చెప్పులు బయటే వదలండి. గోడకి ఆనించి అద్దాల బీరువా ఒకటుంది. అందులో నాలుగు డబ్బాలు. ప్రతి డబ్బాకీ ముందు పారదర్శకమైన ప్లాస్టిక్ కిటికీ. ఒక్కో కిటికీ వెనక ఒక్కో బొమ్మ. ముంగిస వీరుడు, గొడుగు రాణి, బండరాయన్న, చీకటి దొర. పోయిన ఏడాది వచ్చిన యానిమేషన్ సినిమాలో పాత్రలు. ఆ సినిమా ఒక పాత వీడియో గేమ్‌లోంచి పుట్టింది. చంద్రుణ్ణి ఎవరో ఎత్తుకుపోతారు, తలకి లైటు కట్టుకున్న ముంగిస సొరంగాలు తవ్వుకుంటూ వెతకడానికి బయల్దేరుతుంది. కథ అంతే.

ఇందులో పురోగతి ఎక్కడుందో గమనించారా? గేమ్‌లో మనం బటన్ నొక్కితేగానీ ముంగిస గెంతేది కాదు. ఎంత శ్రమ! సినిమాలో దానంతటదే గెంతింది, మనం ఊరికే చూశాం. ఇప్పుడు బొమ్మొచ్చింది. అది గెంతదు, మనం గెంతించం. ఇంతకన్నా శాంతి ఏ శాస్త్రం సాధించింది చెప్పండి?

ఈ నలుగురినీ ఇంటికి తెచ్చింది మా అల్లుడు. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని ఆయనది. చేతివేళ్ళు పువ్వుల్లా మెదులుతాయి. రోజూ సాయంత్రం ఇంటికి రాగానే కళ్ళద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతో నాలుగు డబ్బాలూ తుడుస్తాడు. అంచులు నలగకూడదు, ఎండ తగలకూడదు, అన్నిటికన్నా ముఖ్యం, డబ్బా మూతకున్న గుండ్రటి సీలు చెక్కుచెదరకూడదు. డబ్బా మీద 'మూడేళ్ళు దాటినవారికి' అని ఉంది. ఆయనకి ముప్పై ఎనిమిది. నిబంధనకి ఎక్కడా విరుద్ధం కాదు.

ఇక ఇంట్లో మూడేళ్ళు దాటిన మరో వ్యక్తి నా మనవరాలు. ఏడేళ్ళు. పిలిచే పేరు పిడుగు. ఆ పేరు పెట్టినప్పుడు ఈ బొమ్మలు లేవు. ఉంటే నిదానం అనో, నెమ్మది అనో పెట్టేవాళ్ళం.

మొదటి వారం పిడుగు రోజుకి నాలుగుసార్లు అడిగింది. "నాన్నా, ఒక్కసారి తియ్యవా?" రెండో వారం రోజుకి ఒకసారి. నెల తిరిగేసరికి అడగడం మానేసింది. పిల్లలు అడగడం మానెయ్యడం కన్నా తల్లిదండ్రులు కోరుకునే వరం ఇంకేముంది?

ఆటలు కూడా మానేసిందనుకునేరు! అద్దాల బీరువా ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని అపార్ట్‌మెంటు ఆట ఆడుతుంది. నాలుగు డబ్బాలూ నాలుగు ఫ్లాట్లు. లోపలివాళ్ళు బయటికి రారు, కిటికీల్లోంచే మాట్లాడుకుంటారు.

"గొడుగు రాణిగారూ, మీ ఇంట్లో నీళ్ళొస్తున్నాయా?"

"రావట్లేదండీ. కిందకి దిగి అడుగుదామంటే తలుపు లేదు కదండీ."

ఇంత క్రమశిక్షణ మా కాలంలో ఉందా? మా అమ్మాయి చిన్నప్పుడు బొమ్మలతో నిజంగా ఆడింది. ఫలితం ఏమైంది? దాని బొమ్మ ఒకటి వారానికి మూడుసార్లు తలంటు పోయించుకుని బోడిగుండయింది. ఇంకో బొమ్మ చెయ్యి ఊడితే ఆ చేత్తో పంచదార తీసి పాలల్లో వేసుకునేది. చీకట్లో నేను తొక్కిన లారీ చక్రాల లెక్క మా ఇంట్లో ఎవరూ రాయలేదు గానీ, నా అరికాలికి తెలుసు.

తప్పు మా ఆవిడదే. కొత్త వస్తువుని కొత్తగా ఉంచడం తెలియని మనిషి. మా మొదటి ఫ్రిజ్ తలుపుకున్న ప్లాస్టిక్ పొరని రెండేళ్ళపాటు కంటికి రెప్పలా కాపాడాను. ఒకరోజు ఆవిడ గోటితో అంచు లేపి, చర్రుమని ఒక్క లాగు లాగి, "అబ్బ, ఎంత హాయిగా ఉందో! మీరూ రండి, పక్కది మీరు లాగండి" అంది. నేను లాగాను. ఎంత బాగుందో ఎవరికీ చెప్పలేదు. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. పాఠకులు ఆవిణ్ణి క్షమించాలి.

సరే, సమీక్షలోకి వస్తాను. ఈ బొమ్మల మీద రాయమని పత్రికలో పిల్లల పేజీ చూసే ఎడిటరమ్మ నన్నడిగింది. నేను నాలుగు డబ్బాలూ మూడు రోజులు పరిశీలించి, శ్రద్ధగా రాసి పంపాను. ముంగిస వీరుడి రెండు చేతులూ, నడుమూ, మెడా సన్నటి తీగలతో అట్టకి కట్టేసి ఉన్నాయి. వీరుడు గనక ఎక్కడికీ పోడు. అతనికీ చీకటి దొరకీ మధ్య రెండు ప్లాస్టిక్ గోడలు. ప్రపంచ నాయకులు దీన్నొకసారి చూడాలి! ఒంట్లో ఇరవై నాలుగు కీళ్ళున్నాయని డబ్బా మీద అచ్చేశారు. నమ్మాలి. నాకూ అన్ని కీళ్ళున్నాయని డాక్టరు అంటాడు, నేను నమ్మట్లేదా? అయిదుకి అయిదు స్టార్లు!

ఎడిటరమ్మ ఫోన్ చేసింది. "సార్, మీరు డబ్బాని రివ్యూ చేశారు. బొమ్మని చెయ్యండి. కీళ్ళు వంగుతున్నాయా లేదా?"

ఆ ఫోనొచ్చింది జూన్ పద్నాలుగు మధ్యాహ్నమే, మూడో బ్రెడ్డు ముక్క నోట్లో ఉండగా. సాయంత్రం అల్లుడు డబ్బాలు తుడుస్తుంటే మెల్లగా కదిపాను.

"బాబూ, ముంగిస కీళ్ళు వంగుతాయో లేదో రాయమంటున్నారు."

"బ్రహ్మాండంగా వంగుతాయి మామయ్యా. ఎవరో తీసిన వీడియో ఉంది. పంపిస్తానుండండి."

వంటింట్లోంచి మా అమ్మాయి అందుకుంది. అది రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్. "వీడియో దేనికండీ? రోజుకి అరవైమంది నరాలు వెతికి సూది గుచ్చుతాను. ఆ సీలు కొయ్యలేనా? కత్తెర తేనా?"

ఆయన డబ్బాని గుండెకి హత్తుకున్నాడు. "నీకు తెలీదు. సీలు పోతే ఇంక అది..."

"ఊఁ, సీలు పోతే?" అంటూ మా అమ్మాయి కత్తెరతో సహా హాల్లోకి వచ్చేసింది.

"మామూలు బొమ్మ అయిపోతుందే!"

మా అమ్మాయి కత్తెర కింద పెట్టేసింది. తర్వాత నా పక్కన కూర్చుని చిన్నగా చెప్పింది. ఆ గేమ్ ఆయన చిన్నప్పుడు పక్కింట్లో ఉండేదట. అయిదుగురు పిల్లలు వరసలో కూర్చునేవాళ్ళట. ఈయన వంతు వచ్చేసరికి చీకటి పడేది, ఇంటినుంచి కేక వచ్చేది. అన్నేళ్ళలో ఎన్నిసార్లు ఆడాడో ఆయన వేళ్ళమీద చెప్పగలడు. మిగతాదంతా చూడటమే.

అప్పుడు పిడుగు లేచింది. వాళ్ళ నాన్న మోచేతి మీద చెయ్యి వేసి, పెద్దమనిషి తరహాలో సర్ది చెప్పింది.

"భయపడకు నాన్నా. ఎవరూ తియ్యరులే. వాళ్ళకి లోపలే అలవాటైపోయింది. ఏడవరు కూడా."

అల్లుడు ఆ పిల్ల మొహంలోకి చూశాడు. ఎంతసేపు చూశాడో నేను చెప్పను, సమీక్షకుడికి అనవసరం. లోపలికెళ్ళి కళ్ళజోళ్ళ స్క్రూలు బిగించే బుల్లి స్క్రూడ్రైవరు తెచ్చాడు. నేల మీద చాపేసుకుని, దాని మొనతో సీలు అంచు లేపాడు. ఒక్కో తీగా విప్పాడు. ఇరవై నిమిషాలు పట్టింది. ముంగిస వీరుణ్ణి అరచేతిలో నిలబెట్టి కూతురి ముందు చాపాడు.

పిడుగు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"తీసుకో తల్లీ."

"వేలిముద్రలు పడతాయి నాన్నా."

"పడనీ."

"చేతిలోంచి జారితే?"

"జారితే మళ్ళీ తీద్దాం."

ముందు ఒక్క వేలితో ముట్టుకుంది. తర్వాత రెండు వేళ్ళు. ఆ తర్వాత జరిగిన ఘోరాన్ని పరీక్షా ఫలితాలుగా మీ ముందుంచుతున్నాను, గుండె దిటవు చేసుకోండి!

కీళ్ళు ఇరవై నాలుగూ వంగుతాయి. ఎడమ మోకాలు మాత్రం కిర్రుమంటుంది, ఈ విషయంలో వీరుడి మీద నాకు సానుభూతి ఉంది. పది నిమిషాల్లోపే తలకున్న లైటు ఊడి సోఫా కిందకి దొర్లింది. అల్లుడు బోర్లా పడుకుని భుజందాకా చెయ్యి దూర్చి దాన్ని పట్టుకొచ్చాడు, దాంతోపాటు నా పాత పెన్నొకటి, ఎప్పటిదో బఠాణీ గింజ ఒకటి. ఒక్క వీరుడు ఎవరితో యుద్ధం చేస్తాడన్న ప్రశ్న వచ్చి చీకటి దొర సీలు కూడా పోయింది. మధ్యవర్తిత్వానికి గొడుగు రాణిని దించారు. బండరాయన్న ఒక్కడే ఏం పాపం చేశాడంది మా అమ్మాయి, ఈసారి కత్తెరతో తనే కోసేసింది. నా దిండు కొండయింది. నా కండువా నది అయింది. నన్ను చంద్రుడిగా నియమించి కుర్చీ వెనక దాక్కోమన్నారు. దాక్కున్నాను. నడుం పట్టేసింది.

"తాతయ్యా, చంద్రుడు దగ్గకూడదు!"

"మామయ్యా, కాస్త ఓర్చుకోండి, ఇంకొక్క సొరంగమే!"

కింది పోర్షన్ ఆయన పైకొచ్చి, "ఏంటండీ ఈ గోల, పైకప్పు ఊడిపడేలా ఉంది!" అన్నాడు. ఏడాదిగా మా ఇంటిమీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఆ రికార్డూ పోయింది.

కాబట్టి నా మొదటి సమీక్షని వెనక్కి తీసుకుంటున్నాను. ఈ బొమ్మలు నాసిరకం. చూడటానికి మాత్రమే ఉంచుకునే వస్తువుగా పూర్తిగా విఫలమయ్యాయి. సీలు తీసిన పావుగంటకే పిల్లలు అడగడం మొదలుపెడతారు, తండ్రులు నేలమీద పాకుతారు, ఉన్న విలువంతా ఇంట్లో నలుగురి చేతుల్లోనూ అరిగిపోతుంది. తల్లిదండ్రులారా, జాగ్రత్త! అయిదుకి ఒక్క స్టారు. అది కూడా డబ్బాకి.

తొమ్మిదింటికి పిడుగు నిద్రపోయింది. దుప్పటి సరిగా ఉందో లేదో చూద్దామని నేను వాళ్ళ గది దగ్గరికెళ్ళాను. అల్లుడు మంచం పక్కన నేలమీద, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. ముంగిస వీరుడు ఆయన మోకాలి మీదున్నాడు. దాన్ని తొడమీదుగా మెల్లగా నడిపిస్తూ, పిల్ల లేవకుండా పెదాలతోనే, "ఢాం... ఢాం..." అంటున్నాడు.

ఆయన వంతు. నేను పిలవలేదు. చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాను.