దక్షిణ ధ్రువపు చేపకు ఆదోనిలో స్వాగతం

మంత్రిగారు విజ్ఞాన ప్రదర్శన ప్రారంభించడానికి రెండు గంటల ముందు, దక్షిణ ధ్రువం నుంచి వచ్చిన చేపా, దాని చుట్టూ ఉన్న నాలుగు మణుగుల మంచుగడ్డా పెట్టెలోంచి మాయమైనట్టు తేలింది.

అది 1958 ఎండాకాలం. బావులు ఎండిపోయాయి. ఒక్క బావి తవ్వించమని సి.బెళగల్ రైతులు నూట నలభై వేలిముద్రలతో అర్జీ పెట్టారు. మంత్రిగారు దూరదృష్టి గలవారు. బావికి బదులు చేపను పంపారు. గడ్డకట్టే నీళ్లలో హాయిగా ఈదే చేప. ఒంట్లో ఎర్రటి నెత్తురు కూడా ఉండదట. దాని పక్కనే, సముద్రం అడుగున చీకట్లో, ఎప్పుడో ఒకసారి దొరికే తిండితో బతికే జీవుల పటాలు. "అవి ఏనాడైనా అర్జీ పెట్టుకున్నాయా?" అని ప్రసంగంలో ఉంది. స్వాగత సంఘ సభ్యుణ్ణి కనుక, అక్కడ చప్పట్లు కొట్టాలని నేనే గుర్తు పెట్టాను.

మంచు కరగకుండా పత్తిలో దాచాలి. అందుకని సంఘాధ్యక్షులు, పత్తి వర్తకులు ఇంద్రసేనయ్య శెట్టిగారు తమ గోదాము ఇచ్చారు. కాపలా వారి కూలి, సి.బెళగల్ మాదన్న.

ఇన్‌స్పెక్టరుగారు ఐదు నిమిషాల్లో కేసు తేల్చేశారు. మంచు దొంగిలించేవాడికి దాహం ఉండాలి. తనకు దాహంగా ఉందని మాదన్న బావి అర్జీ మీద వేలిముద్ర వేసి మరీ ప్రభుత్వానికి తెలియజేశాడు. ఇంతకంటే గట్టి సాక్ష్యం లండన్‌లో కూడా దొరకదు.

"నేను తాగింటే గొంతు ఇట్ల ఎండిపోయింటుందా సార్?" అన్నాడు మాదన్న.

బేడీలు వేశారు. ఆరు నెలలు ఖాయమన్నారు. అతని భార్య సుంకమ్మ పోలీసు వ్యానుకు అడ్డంగా కూర్చుంది.

మంత్రిగారికి మొర పెట్టుకుందామని వచ్చి గేటు దగ్గర నిలబడ్డ తక్కిన నూట ముప్ఫైతొమ్మిది మంది ఇది చూశారు. తమకు దాహం లేదని అప్పటికప్పుడు కొత్త కాగితం మీద వేలిముద్రలు వేశారు. అప్పుడే వేదిక ఎక్కిన మంత్రిగారు చలించిపోయారు. ప్రదర్శన తెరవకముందే ప్రజలు నేర్చుకున్నారని మైకులో ప్రకటించారు. నేను చప్పట్లు కొట్టాను.

సరిగ్గా అప్పుడే కానిస్టేబులు రంగన్న చేప ముళ్లు పట్టుకొచ్చాడు. గోదాములో శెట్టిగారు కూర్చునే పరుపు కింద దొరికాయట.

ఇన్‌స్పెక్టరుగారు వంగి, మర్యాదగా అడిగారు. "శెట్టిగారూ, చేప తమరు గానీ ఆరగించినారా?"

ముందు వరసలోని వర్తకులు కుర్చీలు కాస్త దూరం జరుపుకున్నారు. శెట్టిగారికి కాబోయే వియ్యంకుడు రామలింగయ్యగారు, సంబంధం సంగతి మళ్లా ఆలోచిద్దామన్నారు.

శెట్టిగారు లేచి మైకు అందుకున్నారు.

"చేపను పిల్లి తినిందప్పా. ముళ్లు అదే తెచ్చి పడేసింటుంది. మా ఇంట్లోకి ఉల్లిగడ్డ గూడా రాదు. మంచు మాత్రం నేనే తీసుకున్నాను. బొంబాయికి పోయే పత్తికి తూకం రావాలని ఏటా నీళ్లు సల్లుతాం. ఈ యేడు బావిలో నీళ్లు యాడుండాయి? మాదన్నను టీ తాగి రమ్మని పంపించి, గడ్డ పగలగొట్టి, కరిగించి బేళ్లకు సల్లినాను. వానికేం తెల్దు, వదిలిపెట్టండి. నన్ను దొంగ అనండి, ఒప్పుకుంటాను. చేప తిన్నానని మాత్రం అనొద్దండప్పా."