ఎగిరిపోయిన ‘లే’

ఆ సోమవారం పొద్దున ప్రూఫ్‌రీడరు వేసుకున్న పథకం చాలా చిన్నది. మంచం దిగాలి, తయారవ్వాలి, ప్రెస్సుకు వెళ్ళి తన కుర్చీలో కూర్చోవాలి. ఇదంతా ఎవరికీ అనుమానం రాకుండా జరిగిపోవాలి. కానీ పాదాలు నేలకు ఆనించి లేవబోయేసరికి తొడలు రెండూ ససేమిరా అన్నాయి.

తప్పు ఆడపడుచుది. ఆవిడ చాలాకాలంగా పరుగుకు అలవాటుపడ్డ మనిషి. ముందురోజు పార్కుకు తీసుకెళ్ళి, “వదినా, కాసేపు నడువు, కాసేపు పరిగెత్తు. ఈ వయసులో ఒక్కసారే ఎక్కువ చేస్తే ఒళ్ళు పట్టేస్తుంది” అంది. మంచి మాటే. కాకపోతే ప్రూఫ్‌రీడరుకు అందులో ‘ఈ వయసులో’ అన్న ముక్క తప్ప ఇంకేమీ వినపడలేదు. పార్కు చుట్టూ ఆగకుండా పరిగెత్తింది. ఆడపడుచు చాలనుకుని బెంచీ మీద కూర్చున్నాక, ఆమె చూస్తుండగా పనిగట్టుకుని మరో చుట్టు వేసింది.

“కాళ్ళు పట్టేశాయా?” అన్నాడు భర్త. ఆయనకు వీధి చివర మందుల షాపు ఉంది.

“నాకేం పట్టలేదు.”

“మరి గోడ పట్టుకున్నావేం?”

“సున్నం రాలుతోందేమోనని చూస్తున్నా.”

“ఇవాళ సెలవు పెట్టు. నీళ్ళు బాగా తాగి, ఇంట్లోనే మెల్లగా అటూ ఇటూ నడువు. షాపునుంచి మంచి ట్యూబు తెచ్చిస్తా.”

“సెలవు పెడితే మీ చెల్లెలికి చెప్తారు.”

“చెప్పను.”

“మీరు చెప్పకపోయినా మీ మొహం చెప్తుంది” అని ఆవిడ సంచీ భుజాన వేసుకుంది.

మెట్ల దగ్గర ఇంకో చిక్కొచ్చింది. ఎక్కడం సంగతి ఎలా ఉన్నా, దిగడానికి మోకాళ్ళు బొత్తిగా ఒప్పుకోలేదు. కాసేపు ఆలోచించి, కడ్డీ పట్టుకుని వెనక్కి తిరిగి దిగడం మొదలుపెట్టింది. కింది వాటా ఆయన ఎదురొచ్చి, “ఎక్కుతున్నారా, దిగుతున్నారా?” అని అడిగాడు. “మీకెందుకండీ?” అంది ఆవిడ, వీలైనంత మర్యాదగా.

ప్రెస్సులో కుర్చీ చేరేసరికి యుద్ధం గెలిచినంత పనైంది. ఇక సాయంత్రం దాకా కదలక్కర్లేదనుకుంది. కానీ కొత్త మేనేజరు సంగతి మర్చిపోయింది.

ఆయన వచ్చాక ఒక పద్ధతి పెట్టాడు. తాను గదిలోకి వస్తే అందరూ లేచి నిలబడాలి, ఆ చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చేవరకూ అలాగే ఉండాలి. ఆయనకా, కాలు ఒకచోట నిలవదు. ఆయన వచ్చినప్పుడల్లా బైండరు చేతిలో జిగురు ఆరిపోయేది, మెషీన్‌మేన్ కాగితం వంకర పోయేది, టైపు చేసే అమ్మాయి వరుస తప్పేది. అందరూ లోలోపల ఉడుక్కునేవాళ్ళే గానీ, కిక్కురుమన్నవాళ్ళు లేరు.

మేనేజరు వచ్చాడు. అందరూ లేచారు. ప్రూఫ్‌రీడరు కూడా రెండు చేతులూ బల్లకు ఆనించి లేవబోయింది. నడుము కాస్త పైకి వెళ్ళి, మనసు మార్చుకుని కిందికి వచ్చేసింది.

“మేడమ్, అందరూ లేచారు” అన్నాడు మేనేజరు.

“చూశానండీ.”

“మీరు లేవలేదు.”

నిజం చెప్పేద్దామనే అనుకుంది. ‘లేవలేను’ అంటే సరిపోయేది. కానీ ఆ మాట నాలుక మీదికి వచ్చేసరికి బెంచీ మీద కూర్చున్న ఆడపడుచు కళ్ళముందు ఆడింది. ఎన్నో ఏళ్ళుగా పరాయివాళ్ళ పుస్తకాల్లో ఎగిరిపోయిన అక్షరాలను పట్టుకుంటున్న మనిషి, తన మాటలోంచి మధ్యలో ‘లే’ ఎగిరిపోతుంటే పట్టుకోలేకపోయింది.

“లేవను” అంది.

మెషీన్‌మేన్ మెషీను ఆపేశాడు. అప్పుడు బైండరు గొంతు సవరించుకున్నాడు. “అక్క అన్నదే నాదీనూ. జిగురు ఆరిపోతోంది సార్” అంటూ కూర్చున్నాడు. టైపు అమ్మాయి కూర్చుంది. మెషీన్‌మేన్‌కు కుర్చీ లేదు కాబట్టి కాగితాల కట్ట లాక్కుని దానిమీద కూర్చున్నాడు.

మేనేజరు మొహం కందగడ్డలా అయింది. “పైకి పదండి. ఓనరుగారి దగ్గరే తేల్చుకుందాం.”

ప్రూఫ్‌రీడరు మెట్ల వంక చూసింది. నిటారుగా ఉన్నాయి. “నేను మెట్లెక్కను. ఆయన్నే కిందికి రమ్మనండి.”

మేనేజరు రెండేసి మెట్లు ఎక్కుతూ వెళ్ళాడు. బైండరు వంగి, “అక్కా, మరీ అంతదూరం వెళ్ళొద్దేమో” అని గొణిగాడు.

“నాకూ వెళ్ళాలని లేదయ్యా” అంది ఆవిడ. పొద్దుటినుంచీ ఆవిడ చెప్పిన మొదటి నిజం అదే.

ఓనరు దిగి వచ్చాడు, వయసు మళ్ళిన మనిషి. “ఏంటమ్మా, ఇన్నేళ్ళలో నీ గొంతు పైకి వినపడటం ఇదే మొదలు” అన్నాడు.

“ఉద్యోగంలోంచి తీసేయాలండీ. లేకపోతే అందరికీ అలుసైపోతాం” అన్నాడు మేనేజరు వెనకనుంచి.

ఆ మాటతో ఆవిడకు కాళ్ళనొప్పి కాస్త మరుపుకొచ్చింది. “తీసేయండి. కానీ ముందు వినండి. ఈయన వచ్చినప్పుడల్లా లేస్తే నేను చదివే వరుస పోతోంది. మొన్న వంటల పుస్తకంలో చెంచాడు ఉప్పు చెంబెడు ఉప్పుగా అచ్చయింది. పుస్తకం కొన్నవాళ్ళు తిట్టుకునేది ఈయన్ని కాదు, మన ప్రెస్సుని.”

ఓనరు మేనేజరు వైపు తిరిగాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి భర్త వచ్చాడు, చేతిలో ట్యూబుతో.

“ఇదుగో. పొద్దున కాళ్ళు పట్టేసి మంచం మీంచి లేవలేకపోయావు కదా, పాపం ఎలా ఉందోనని షాపు వదిలేసి వచ్చా.”

ఆవిడ చేతికి దొరికిన ప్రూఫు కాగితం మొహానికి అడ్డం పెట్టుకుంది. మేనేజరు మాత్రం చాలా రోజుల తర్వాత నవ్వాడు. “అదా సంగతి. మేడమ్ లేవననడం ఉత్తిదేనన్నమాట. లేవలేరు, అంతే.”

టైపు అమ్మాయి తల దించుకుంది. బైండరు కుర్చీలోంచి మెల్లగా సగం లేచాడు. ప్రూఫ్‌రీడరుకు మేనేజరు నవ్వు గుచ్చుకోలేదు. అలా సగం లేచిన బైండరును చూస్తేనే ప్రాణం చివుక్కుమంది.

ఆవిడ బల్ల అంచు పట్టుకుంది. పళ్ళు బిగించింది. తొడల్లో ఎవరో తడిబట్టలు పిండుతున్నట్టుంది. భర్త సాయానికి రాబోతే కంటితోనే ఆపేసింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా, అంగుళం అంగుళం పైకొచ్చి, ఎవరి ఆసరా లేకుండా నిటారుగా నిలబడింది.

“లేవగలను. చూశారు కదా” అంది మేనేజరుతో. తర్వాత దబ్బున కుర్చీలో పడింది. ప్రాణం పోయినంత పనైనా గొంతు వణకనివ్వలేదు. “ఇప్పుడు చెప్తున్నా. లేవను.”

బైండరు మళ్ళీ కూర్చున్నాడు, ఈసారి కాస్త గట్టిగానే.

ఓనరు వెళ్ళి మెషీన్‌మేన్ పక్కన కాగితాల కట్ట మీద చతికిలబడ్డాడు. “ఇకమీదట ఎవరొచ్చినా ఎవరూ లేవక్కర్లేదు. నాకైనా సరే. మేనేజరుగారూ, మీరూ కూర్చోండి.”

మేనేజరు చుట్టూ చూశాడు. మిగిలిన ఒక్క స్టూలు మీదా అప్పటికే భర్త కూర్చుని ట్యూబు మూత తీస్తున్నాడు. దాంతో ఆయన నిలబడే ఉన్నాడు.

“ఈ వారమంతా పరుగు మాటెత్తకు” అన్నాడు భర్త మెల్లగా.

“ఎల్లుండే వెళ్తా. మీ చెల్లెల్ని కూడా రమ్మనండి” అంది ఆవిడ.

సాయంత్రం అందరూ వచ్చి ఆవిడను మెచ్చుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఆవిడ మాత్రం చీకటిపడేదాకా కుర్చీ వదల్లేదు. అంత పని శ్రద్ధ తానెక్కడా చూడలేదని మేనేజరే ఒప్పుకున్నాడు.