జంబులింగం గారి జడత్వ ప్రయోగం

ఒక పెద్ద అడవిలో, బడికి పోయే బాట మీద, పొద్దున్నే ఒక కేక.

"ఏమయ్యో హెడ్మాస్టరూ! బయటికి రావయ్యా! మా బుడ్డోడు నా పాయసం గిన్నె పగలగొట్టాడు. ఇదేంట్రా అంటే సైన్సంటాడు!"

అరిచింది ఎలుగుబంటి మాణిక్యమ్మ. తల్లిదండ్రుల సంఘానికి పెద్ద, బడి వంటకి కూడా పెద్ద. లోపల కుర్చీలో ఉన్న నక్క జంబులింగం గారు కుర్చీని ఇంకాస్త వెనక్కి జరుపుకున్నారు. అయినా హెడ్మాస్టరు కదా, గొంతు సవరించుకుని, "చిట్టెమ్మగారూ, మీకోసం ఎవరో వచ్చారు" అన్నారు. తప్పనేది ఎప్పుడూ కిందివాళ్ళని వెతుక్కుంటూ వస్తుందని ఆయనకి గట్టి నమ్మకం.

సైన్సు పంతులమ్మ ఉడత చిట్టెమ్మ తోక ఊపుకుంటూ వచ్చింది.

"గిన్నె కింద గుడ్డ పెట్టి లాగాడా? నెమ్మదిగా లాగుంటాడమ్మా. విసురుగా లాగాలి. ఇటు చూడండి."

గ్లాసు మీద ఎండుటాకు, ఆకు మీద చింతగింజ పెట్టింది. ఆకుని గోటితో ఫట్మని కొట్టింది. ఆకు ఎగిరిపోయింది, గింజ టంగుమని గ్లాసులో పడింది.

"కదలకుండా ఉన్నది కదలకుండానే ఉండాలని చూస్తుంది. అదే జడత్వం."

"ఓసి నీ తెలివి తగలెయ్య! మా ఆయనా అంతేనే!" అని మాణిక్యమ్మ చల్లబడి వంటకి పోయింది.

జంబులింగం గారు చల్లబడలేదు. ఏళ్ళ తరబడి ఇదే పాఠం వల్లె వేయించి, తప్పు చెప్పినవాడి చెవి మెలేసిన ఘనుడాయన. పాఠాన్ని చేసి చూడడం మాత్రం ఎన్నడూ లేదు. చెయ్యాల్సిన రోజు ఇవాళే వచ్చింది.

అడవి విద్యామండలి కొత్తగా ఒక ఆజ్ఞ తెచ్చింది లెండి. పాఠాన్ని చేసి చూపించలేని బడిని మూసేసి, వాగు అవతలి బడిలో కలిపేస్తారు. వాగు నిండా మొసళ్ళు. అది పిల్లల బాధ. అవతలి బడికి ఇప్పటికే ఓ హెడ్మాస్టరు ఉన్నాడు. అది జంబులింగం గారి బాధ. తనిఖీకి అధికారి ఇవాళే వస్తున్నారు.

"కంచాల కింది దుప్పటి నేనే లాగుతాను" అన్నారాయన. "దాని మీద తనిఖీ అధికారిగారి భోజనం పెట్టండి. ప్రయోగమూ అవుతుంది, మర్యాదా అవుతుంది."

"ఖాళీ కంచాలతో చేద్దామండీ" అంది చిట్టెమ్మ.

"ఖాళీ కంచం చూపిస్తే అధికారి ఏమనుకుంటాడమ్మా?"

చిట్టెమ్మ పిల్లల్ని వరసలో నిలబెట్టడానికి వెళ్ళింది. జంబులింగం గారికి మాణిక్యమ్మ గిన్నె గుర్తొచ్చింది. కంచాలు కదిలితే? కదలకూడదంటే ఏం చెయ్యాలి? ఇంత చిన్న సంగతి చిట్టెమ్మకి తట్టనందుకు జాలిపడి, బల్ల మీది దుప్పటికి తుమ్మజిగురు దట్టంగా పూసి, ఒక్కో కంచాన్నీ దాని మీద అంటించి ఆరబెట్టారు. ఊపి చూశారు. ఒక్కటీ కదల్లేదు.

"ఇదీ జడత్వమంటే!" అనుకున్నారు.

అధికారి ఏనుగు కరివరదయ్య గారు వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. పాపం, ఏమీ తినకుండా బయల్దేరారట. వడ్డించిన పాయసం వైపు చూస్తూనే జంబులింగం గారి ఉపన్యాసమంతా విన్నారు. ఆ తర్వాత హెడ్మాస్టరు గారు దుప్పటి అంచు పట్టుకుని, కళ్ళు మూసుకుని ఒక్క లాగు లాగారు.

దుప్పటి వచ్చింది. దుప్పటితో కంచాలు వచ్చాయి. కంచాల్లో ఉన్నవన్నీ వెళ్ళి కరివరదయ్య గారి ఒళ్ళో పడ్డాయి.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ప్రయోగం ఇదేననుకున్నారు మరి.

"ఈ బడి మూత!" అని ఘీంకరించారు కరివరదయ్య గారు, చెవి మీది పాయసం తుడుచుకుంటూ.

చిట్టెమ్మ కంచాల అడుగు తడిమింది. విషయం అర్థమైంది. "అయ్యా, జిగురు లేకుండా ఒక్కసారి చేసి చూపిస్తామండీ."

"కుదరదు. ఒకసారి అన్నానంటే అన్నట్టే. మాట మార్చిన ఏనుగు మా మండలిలో లేదు!"

పిల్లలకి మొసళ్ళు గుర్తొచ్చి ఏడుపందుకున్నారు. జంబులింగం గారికి కుర్చీ గుర్తొచ్చి ఆయనా అందుకున్నారు.

మాణిక్యమ్మ ఏడవలేదు. వంటింట్లోంచి పెద్ద గుండిగ ఎత్తుకొచ్చి గుమ్మం వైపు నడిచింది.

"పదండ్రా పిల్లలూ. బడే లేనప్పుడు బడి భోజనమేంటి?"

కరివరదయ్య గారి తొండం గుండిగ వెంటే తిరిగింది.

"ఏమ్మా... అందులో ఏముంది?"

"పనసకాయ కూర. మా బడి పిల్లలకి వండింది."

అధికారి గారు కాసేపు ఆకాశంలోకి చూశారు. "ప్రయోగం రెండోసారి చెయ్యకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదనుకుంటా" అన్నారు.

చిట్టెమ్మ వేరే దుప్పటి పరిచి ఖాళీ గ్లాసులు పెట్టింది. మాణిక్యమ్మ బుడ్డోడు ముందుకొచ్చి సర్రున లాగాడు. గ్లాసులు ఉన్నచోటే ఉన్నాయి.

"భేష్! బడి ఉంటుంది!" అన్నారు కరివరదయ్య గారు, గుండిగ వైపే చూస్తూ.

"అంతా నా పర్యవేక్షణే" అన్నారు జంబులింగం గారు.

అందరూ నేల మీద బారుగా కూర్చున్నారు. జంబులింగం గారు అధికారి పక్కన చోటు కోసం చూశారు గానీ, అక్కడ అప్పటికే బుడ్డోడు కూర్చున్నాడు. ఆయన బంతి చివరికెళ్ళి చతికిలబడ్డారు. మాణిక్యమ్మ మూత తీసింది.

నీతి: పెద్దవాళ్ళని కదిలించడానికి సైన్సు చాలదు, ముందు గుండిగని కదిలించాలి.