మిలిటరీ గారి ప్రాక్టికల్

ఆ రోజు పొద్దున్నే మిలిటరీకి ఇంట్లో అందిన ఆజ్ఞ ఒక్కటే. నోరు విప్పకూడదు.

మిలిటరీ అన్నది ఆయన పేరు కాదు. సైన్యంలో పనిచేసి ఇంటికొచ్చిన దగ్గర్నుంచి పాలవాడు మొదలు పక్కింటి పెద్దావిడ దాకా వీధంతా ఆయన్ని అలాగే పిలుస్తోంది. పిలవడంలో ఉన్న మర్యాద ఉద్యోగం ఇవ్వడంలో మాత్రం కనబడలేదు. "మిలిటరీలో చేశారా! భలే!" అంటూ చెయ్యి పట్టుకుని ఊపేవాళ్లు, ఆ చేతిలోనే ఒక విజిల్ పెట్టి గేటు దగ్గర నిలబడమనేవాళ్లు. నిజానికి ఆయన సైన్యంలో ఏనాడూ గేటు కాయలేదు. ఆయన పని సామాన్లు. ఒక శిబిరాన్ని గుడారాలు, గిన్నెలు, మందులు, మంచాలతో సహా ఈ కొండ మీద విప్పి ఆ కొండ మీద నిలబెట్టడం. చెంచా ఒకటి తగ్గినా ఆయనకు నిద్ర పట్టేది కాదు.

ఇన్నాళ్లకు ఒక మంచి ఉద్యోగం కంటబడింది. పెద్దాసుపత్రిలో స్టోర్సు చూసుకునే పని. మందులూ, దుప్పట్లూ, సిలిండర్లూ ఎక్కడుండాలో అక్కడ ఉండేలా చూడటం. ఆయన కోసమే పుట్టినట్టుంది ఆ ఉద్యోగం. అయితే ఆసుపత్రి సూపరింటెండెంటు ఒక మెలిక పెట్టాడు. డిగ్రీ రెండో సంవత్సరంలోనైనా ఉండాలి, మొదటి సంవత్సరం అయితే పైవాళ్లు ఒప్పుకోరు, ఈ నెలాఖరు దాకా మాత్రం పోస్టు ఆపి ఉంచగలను అన్నాడు. అప్పుడే కూతురు ఒక కబురు మోసుకొచ్చింది. తను చదివే కాలేజీలో సైన్యం శిక్షణను క్రెడిట్లుగా లెక్కగట్టి, మొదటి సంవత్సరం చదివినట్టే రాసిస్తారట. కమిటీ ముందు కూర్చుని ఒప్పించాలి, అంతే.

"పరీక్ష కాదు నాన్నా. నువ్వేం పని చేశావో అడుగుతారు. కావాలంటే చేసి చూపించమంటారు" అంది కూతురు.

"చేసి చూపించడం వరకూ పరవాలేదు. మాట్లాడ్డమే మీ నాన్నకి చేతకాదు" అంది ఇల్లాలు. ఆవిడ ఇంట్లో బట్టలు కుడుతుంది. పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని కూడా స్పష్టంగా తిట్టగలదు. "కిందటిసారి గోడౌను ఓనరు కూర్చోమన్నాడు. కూర్చున్నారా? బస్తాలు తప్పుగా పేర్చారు, కూలిపోతాయి అన్నారు. నిజంగానే కూలాయి. ఉద్యోగం వచ్చిందా?"

మిలిటరీ బూటుకి ఇంకోసారి పాలిష్ పెట్టాడు.

"అందుకే చెప్తున్నా. ఎవరేమన్నా 'అలాగేనండి' అనండి. ఎందుకూ, ఏమిటీ అని ప్రశ్నలొద్దు. సలహాలు అసలే వద్దు. ఏమండీ, వింటున్నారా?"

"అలాగేనండి" అన్నాడు మిలిటరీ. పెళ్లయ్యాక ఆవిడను ఆయన 'అండి' అనడం అదే మొదలు. ఆవిడ సంతోషపడింది.

పదకొండింటికి రమ్మంటే సైన్యం మనిషి పదకొండింటికి వెళ్తాడా? తొమ్మిదిన్నరకే కాలేజీ ఆఫీసు ముందు నిటారుగా నిలబడి ఉన్నాడు. లోపల గుమస్తా ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఎవరి మీదో విరుచుకుపడుతున్నాడు. సామాన్లు మోసే కూలీలు ఎనిమిదింటికి రావలసింది, ఇంతవరకూ పత్తా లేరు. తల ఎత్తి చూస్తే ఎదురుగా బలమైన మనిషి, బిగించి కట్టిన బూట్లు.

"హమ్మయ్య, వచ్చావా! ఇదేనా రావడం?" అన్నాడు గుమస్తా.

గంటన్నర ముందొచ్చిన వాణ్ని ఆలస్యమంటున్నారేమిటి? అడగబోయి, గుండుసూదులు గుర్తొచ్చి ఆగిపోయాడు మిలిటరీ.

"ఆ చివర గదిలో సామానంతా పైన ఖాళీ హాల్లోకి చేర్చెయ్. పదకొండింటికి వైస్ ప్రిన్సిపాల్ మేడం వచ్చి చూస్తారు. తేడా వస్తే నా ఉద్యోగం పోతుంది."

"అలాగేనండి."

ప్రాక్టికల్ మొదలైపోయిందని మిలిటరీకి అర్థమైంది. పదకొండింటికి మేడం రావడం, చూడటం, అన్నీ సరిపోయాయి. కమిటీకి పెద్ద ఆ మేడమేనని కూతురు ముందే చెప్పింది కదా. ఇక ఏ చివర గది అన్నదే మిగిలింది. గుమస్తా గడ్డంతో చూపించాడు గాని, మెడ వంచి ఫోను పట్టుకున్న మనిషి గడ్డం ఎటు తిరిగిందో చెప్పడం కష్టం. వరండాకు ఒక చివర విరిగిన బల్లలు పడేసిన గది. రెండో చివర ప్రిన్సిపాల్ గది. మిలిటరీ రెంటినీ చూశాడు. విరిగిన బల్లలు మోయించి ఎవరైనా ఒక సంవత్సరం చదువు ఇస్తారా? పైగా సైన్యంలో శిబిరం కదిలినప్పుడు ముందు కదిలేది పై అధికారి గుడారమే. ఆయన వచ్చేసరికి అక్కడ కుర్చీ కూడా వేసి ఉండాలి. సందేహమేముంది, ప్రిన్సిపాల్ గదే.

ప్రిన్సిపాల్ ఆ సమయానికి పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని ఉన్నాడు.

మనుషులు కావాలి. మెట్ల కింద క్లాసులు ఎగ్గొట్టిన పిల్లలు గుంపుగా కనబడ్డారు. "ప్రిన్సిపాల్ గారి గది ఖాళీ చెయ్యాలి, సాయం పడతారా?" అని మిలిటరీ అడగ్గానే వాళ్ల మొహాలు వెలిగిపోయాయి. ఆ గదిలోకి చీవాట్లు తినడానికి తప్ప ఎప్పుడూ వెళ్లనివాళ్లు! వాళ్లను మెట్ల పొడవునా వరుసగా నిలబెట్టాడు. చేతి నుంచి చేతికి ఫైళ్లు, గోడ గడియారం, గ్లోబు, పూలకుండీ పైకి పాకడం మొదలుపెట్టాయి. వరుసలో కూతురు కూడా ఉందని, గ్లోబు ఆమె చేతికి వచ్చాకే ఆయన చూశాడు.

"నాన్నా! ఏంటిది?" అంది గుసగుసగా.

"ప్రాక్టికల్. కదలకు, వెనక కుర్చీ వస్తోంది."

అసలు గొడవ అప్పుడు మొదలైంది. లైబ్రరీ మేడం కిటికీలోంచి చూస్తే ప్రిన్సిపాల్ గారి కుర్చీ మెట్లెక్కి పోతోంది. కుర్చీ పోతోందంటే మనిషి పోయినట్టే. ప్రిన్సిపాల్‌ని రాత్రికి రాత్రి బదిలీ చేసేశారని ఆవిడ కళ్లు తుడుచుకుంటూ స్టాఫ్ రూములో చెప్పింది. లెక్కల మాస్టారికి ప్రిన్సిపాల్‌తో ఎప్పుడూ పడదు. ఆయన ఉండబట్టలేక అందరికీ టీలు తెప్పించి, మరుక్షణం మొహం దిగాలుగా పెట్టుకున్నాడు. ఈ వార్త గుమస్తా చెవిన పడింది. కాబోయే ప్రిన్సిపాల్‌కి ఈ కబురు తానే ముందు చెప్పాలన్న తొందరలో, తన ఆఫీసు ముందు నుంచి సామాను ఎక్కడికి పోతోందో చూడకుండానే వైస్ ప్రిన్సిపాల్ దగ్గరికి పరుగెత్తాడు.

వైస్ ప్రిన్సిపాల్ మేడం కామర్సు చెబుతుంది. చాలా నిక్కచ్చి మనిషి. బూట్లు పాలిష్ చేసినవాళ్లందరికీ డిగ్రీలు పంచడం ఏమిటని సైన్యం క్రెడిట్లను మొదట్నుంచీ అడ్డుకుంటున్నది ఆవిడే. అయితే ఆ కుర్చీ అంటే ఆవిడకు ఎన్నేళ్ల నుంచో ప్రాణం. కబురు వినగానే జుట్టు సర్దుకుని పైకి వెళ్లింది. అక్కడ హాల్లో తెర వేలాడుతోంది, గడియారం నడుస్తోంది, బల్ల మీద కళ్లజోడు మడిచి ఉంది, కుర్చీ సిద్ధంగా ఉంది.

"కూర్చోండి మేడం" అన్నాడు మిలిటరీ.

ఇలా కూర్చోమని ఆవిడను ఇంతవరకూ ఎవరూ అనలేదు. కూర్చుంది.

ఇంతలో ప్రిన్సిపాల్ వచ్చాడు. ఒక బుగ్గ ఉబ్బి ఉంది, నోట్లో దూది ఉంది, పంటి నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. గది తలుపు తీస్తే గోడకు ఒక మేకు తప్ప ఇంకేమీ లేదు. "ఊఁ? ఊఁ?" అంటూ వరండాలోకి వచ్చాడు. బదిలీ అయిన మనిషి దుఃఖంతో మాట రాక ఏడుస్తున్నాడని అందరికీ గుండె తరుక్కుపోయింది. లైబ్రరీ మేడం ఆయన చేతులు పట్టుకుంది. లెక్కల మాస్టారైతే కావలించుకుని, "మనలో మనకు ఎన్నున్నా మీరు దేవుడు సార్" అన్నాడు. కాదు కాదని ప్రిన్సిపాల్ తల అడ్డంగా ఆడిస్తుంటే ఎంత వినయమో అనుకున్నారు. చివరికి ఆయన అందర్నీ విదిలించుకుని, పిల్లల వరుస ఎటు పోతే అటు మెట్లెక్కాడు.

హాల్లో ఆయన గది ఉంది. ఆయన కుర్చీలో వైస్ ప్రిన్సిపాల్ ఉంది. మిలిటరీ మడమలు దగ్గరకు చేర్చి నిలబడ్డాడు.

"పని పూర్తయిందండి. ఏదీ పోలేదు, ఏదీ పగల్లేదు."

వెనకే రొప్పుతూ వచ్చిన గుమస్తా తలపట్టుకున్నాడు. "విరిగిన బల్లల గదయ్యా నేను చెప్పింది! అసలు నువ్వు కూలీల మేస్త్రీవి కాదా?"

"కాదండి. పదకొండింటి ఇంటర్వ్యూకి వచ్చాను."

మిలిటరీకి అప్పుడు అర్థమైంది. ఆసుపత్రి స్టోర్సు, రెండో సంవత్సరం, అన్నీ ఆ మెట్ల మీంచి కిందికి దొర్లిపోతున్నట్టే ఉంది. గ్లోబు పట్టుకుని నిలబడ్డ కూతురి మొహం చూడలేకపోయాడు. ఆ పిల్లకు మాత్రం సిగ్గు వేయలేదు. ఇంత పనిమంతుడైన నాన్నకు మళ్లీ విజిలే గతి అవుతుందేమోనని ఏడుపొచ్చింది.

"తప్పు నాదేనండి. అడక్కుండా మొదలుపెట్టాను. మధ్యాహ్నంలోగా అంతా కిందికి చేర్చేస్తాను" అన్నాడు మిలిటరీ.

మెట్ల మీది పిల్లలందరూ ఒక్కసారిగా మూలిగారు.

ప్రిన్సిపాల్ హాలంతా ఒకసారి తిరిగాడు. కింద గది పక్కనే బళ్లు నిలిపే షెడ్డు, రోజంతా హారన్లు. ఇక్కడ గాలి వస్తోంది. ఎప్పుడో పోయిందనుకున్న పాత కళ్లజోడు బీరువా వెనక దొరికి బల్ల మీద తళతళలాడుతోంది. ఆయన నోట్లోంచి దూది తీశాడు.

"ఏదీ కిందికి వెళ్లక్కర్లేదు" అన్నాడు బుగ్గ పట్టుకుని. తర్వాత చాలా నెమ్మదిగా వైస్ ప్రిన్సిపాల్ వైపు తిరిగాడు. "మేడం, మీరు నా కుర్చీలో ఏం చేస్తున్నారు?"

ఆవిడ దిగ్గున లేచింది. "అదే సార్... ప్రాక్టికల్ పరీక్షిస్తున్నాను. కుర్చీ గట్టిగా వేశాడా లేదా అని. బ్రహ్మాండంగా వేశాడు. పథకం, నిర్వహణ, మనుషులతో పని చేయించడం, ఏ సబ్జెక్టుకీ వంక పెట్టడానికి లేదు. మొదటి సంవత్సరం క్రెడిట్లన్నీ ఇచ్చేద్దాం. ఎక్కడ సంతకం పెట్టాలి?"

రెండేళ్లుగా అడ్డుపడుతున్న మనిషి ఇంత ఆత్రంగా కలం వెతకడం ప్రిన్సిపాల్‌కి భలే ముద్దొచ్చింది. ఇంకేమీ అడగలేదు. కూతురు గ్లోబును లెక్కల మాస్టారి చేతిలో పెట్టేసి తండ్రి భుజానికి మొహం ఆనించింది. మిలిటరీ కళ్లు చెమర్చాయి. బూట్లు మాత్రం కదలలేదు.

"ఒక్క పేపరు మాత్రం ఇవ్వను" అన్నాడు ప్రిన్సిపాల్. "కమ్యూనికేషన్. పని మొదలుపెట్టే ముందు నాలుగు ప్రశ్నలడగడం నేర్పుతారు. రెండో సంవత్సరం చదువుకుంటూనే ఆ ఒక్క క్లాసుకి మీ అమ్మాయి పక్కన కూర్చోవాలి. సోమవారం నుంచి రండి."

"అలాగేనండి" అన్నాడు మిలిటరీ.

ఇంటికి బయల్దేరి సంతోషంగా మెట్లు దిగుతుంటే కూతురికి అనుమానం వచ్చింది. "నాన్నా, మా సెక్షనుకి గది మారుస్తున్నారట. సోమవారం ఎన్నింటికి, ఏ గదిలో అని అడిగావా?"

మిలిటరీ మెట్టు మీదే ఆగాడు.

"ఆ పాఠం ఇంకా మొదలవలేదు కదమ్మా" అన్నాడు.