దూరాన్ని రద్దు చేసిన సుధాకరరావు గారు

సింగపూరుకూ హైదరాబాదుకూ మధ్యనున్న దూరాన్ని సోమవారం నుంచి రద్దు చేసినట్లు సింగపూరులో పాయా లేబర్ పేటలోని ఒక కార్యాలయం ప్రకటించింది. విమానాల వాళ్లకు ఈ సంగతి ఇంకా తెలియదు.

ఆ కార్యాలయం ఆసుపత్రుల్లో ఆపరేషన్ల తేదీలు నమోదు చేస్తుంది. ఇక్కడి డిస్కులు మూలపడితే ఆదుకోవడానికి ప్రతి నమోదుకూ హైదరాబాదులో ఒక నకలు ఉండాలి. అందుకొక మర్యాదస్తుల పద్ధతి ఉంది. ఇక్కడి డిస్కు "పంపమంటారా?" అని అడుగుతుంది. అక్కడిది "పంపండి" అంటుంది. అప్పుడు సరుకు బయల్దేరుతుంది. "అందింది" అని కబురొస్తే గాని ఇక్కడి గుమాస్తా తెర కదలదు. ఒక్క పేరు రాయడానికి కబురు సముద్రం కింద రెండుసార్లు వెళ్లి రావాలన్నమాట.

డిస్కుల ఇంజనీరు ఏడుకొండలు, తెనాలి వాడు, దీనికొక మందు కనిపెట్టాడు. "పంపండి" అనే మాటను ఇక్కడే ఒక పెట్టె చేత అనిపిస్తే ఒక ప్రయాణం తప్పుతుంది. "అందింది" అన్నది మాత్రం హైదరాబాదే చెప్పాలి. వేగం రెట్టింపైంది. ఏడుకొండలు మహా సంతోషించాడు. ఎందుకంటే అతని వర్క్ పాస్ గడువు దగ్గరపడింది. పొడిగించమని సిఫారసు పంపాల్సింది విభాగాధిపతి సుధాకరరావు గారు. ఆ పాస్ పోతే భార్యతో సహా సామాను సర్దుకోవాల్సిందే.

సుధాకరరావు గారికి సగం పనులు నచ్చవు. ఒక మధ్యాహ్నం ఇద్దరూ మకాన్‌కు, అంటే భోజనానికి, హాకర్ సెంటర్‌కు వెళ్లినప్పుడు, ఎవరో బల్లను చోప్ చేస్తూ, అంటే ముందే ఆపుకుంటూ, పెట్టిపోయిన టిష్యూ ప్యాకెట్టు చూసి ఆయనకు జ్ఞానోదయమైంది. మనిషి లేడు, ప్యాకెట్టే ఉంది. అయినా ఆ కుర్చీలో కూర్చునే మొనగాడు సింగపూరులో ఇంకా పుట్టలేదు.

"చూశావా ఏడుకొండలూ, మనిషి రాకముందే సీటు కన్ఫర్మ్. 'అందింది' అని కూడా మన బాక్సే చెప్పేస్తే పోలా? డేటా మెల్లగా దాని టైంకి అది పోద్ది."

మధ్యలో కేబుల్ తెగితే ఎలాగని అడగబోయి, పాస్ గుర్తొచ్చి, ఏడుకొండలు గుడ్ ఐడియా అన్నాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు ఆ సాయంత్రమే సాంకేతిక హోదా లభించింది.

ఇక గుమాస్తా వేలు మీట మీద నుంచి లేవకముందే "అందింది" అని వచ్చేది. రోగి ఫోనుకూ అదే మాట సందేశంగా వెళ్లేది. విజయోత్సవ సభలో సుధాకరరావు గారు మాట్లాడారు. "దూరం అనేది మైండ్‌సెట్ ప్రాబ్లం. మన పెద్దలు మనోవేగం అన్నారు, మనం ఇంప్లిమెంట్ చేశాం." ఆయన నోరు తెరవకముందే చప్పట్లు మొదలయ్యాయి.

తర్వాత ఒక గురువారం సముద్రంలో కేబుల్ తెగింది. అది అతుక్కోకముందే ఇక్కడి డిస్కులు కాలిపోయాయి. హైదరాబాదు నకలు తెరిచి చూస్తే ఆ పూట రాసినవేవీ అందులో లేవు. ఏడుకొండలు పక్క ఫ్లాట్ సరోజిని ఆంటీకి ఎన్నాళ్లకో దొరికిన కంటి ఆపరేషన్ తేదీ కూడా వాటితోపాటే పోయింది. ఆమె ఫోనులో "అందింది" అన్న సందేశం మాత్రం భద్రంగా ఉంది.

"మీ ఆఫీసే గదా బాబూ, కాస్త చూస్తావా? చూపు బొత్తిగా ఆనడం లేదు," అని ఆమె అడిగింది. చూస్తానని ఏడుకొండలు తడుముకోకుండా చెప్పాడు.

విచారణ జరిగింది. రోగులందరి దగ్గరా "అందింది" అన్న సందేశం ఉంది గనుక ఒక్క నమోదూ పోలేదని సుధాకరరావు గారు తేల్చారు. దాన్ని ఇంజనీరు ధ్రువీకరించాలి. ఏడుకొండలుకు ఆంటీ ముఖం గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చినంత పనైంది. సంతకం పెట్టాడు.

పెట్టి, అసలు మాట ఎత్తాడు.

"సర్, నా పాస్‌కి రికమండే..."

"పంపేశా," అన్నారు సుధాకరరావు గారు.

జవాబు అంత వేగంగా వచ్చిందంటే అవతలికి ఏదీ చేరలేదని ఆ భవనంలో ఏడుకొండలుకంటే బాగా తెలిసినవాడు లేడు.

ఇంటికి వెళ్లగానే సారు పంపారా అని భార్య ఉజ్వల అడిగింది. పంపేశారన్నాడు. ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉంటామని ఆమె ఇంటి ఓనరుకు చెప్పింది. ఆదివారానికల్లా సెరంగూన్‌లోని మనవాళ్లంతా వచ్చి, స్వీట్లు తిని, అభినందించి వెళ్లారు. పాస్ చేతికొచ్చిందా అని అడిగేటంత మర్యాద తెలియనివాడు వాళ్లలో ఒక్కడూ లేడు.