కూర్చున్న చోటికే బజారు

రెండో శనివారం పొద్దున కృపాకర్ వేసుకున్న పథకంలో లోపం లేదు. కరెంటాఫీసులో పద్దెనిమిదేళ్ల సర్వీసు ఉన్నవాడు, దేనికైనా ముందే కాగితం మీద గీత గీసుకునే రకం. పదకొండింటికి మాదన్నపేట కూరగాయల మార్కెట్లో కొత్త షెడ్డు కింద అమ్మేవాళ్లకు జాగాలు రాస్తారు. ఆ పూట బేరాలు బంద్. మనిషి ఎదురుగా ఉంటేనే రిజిస్టరులో పేరు ఎక్కుతుంది, పన్నెండు కొట్టగానే రిజిస్టరు మూసేస్తారు. అప్పటిదాకా అమ్మ గడప దాటకుండా చూసుకుంటే చాలు.

అమ్మ మాణిక్యమ్మ ముప్పై ఆరేళ్లు ఆ మార్కెట్లో టమాటాలు అమ్మి కృపాకర్‌ను డిగ్రీ దాకా చదివించింది. ఆరు నెలల కింద మోకాలికి ఆపరేషన్ అయింది. నేల మీద కూర్చోవద్దని డాక్టరు అనడమే ఆలస్యం, ఇక విశ్రాంతి తీసుకోమని కొడుకు తీర్పు చెప్పేశాడు. ఆమె ఎదురు చెప్పలేదు. రోజూ నాలుగింటికే లేచి, ఎత్తడానికి గంప లేక, కిటికీ పక్కన నిలబడి రెండు గల్లీల అవతలి మార్కెట్ వైపు చూస్తుండేది. చూసినప్పుడల్లా కృపాకర్‌కు మనసు చివుక్కుమనేది. అంతా ఆమె మంచికేనని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు.

పథకంలో ముఖ్యమైన వస్తువు ఒక అట్టపెట్టె. చాంద్రాయణగుట్ట చౌరస్తాలో కొన్న, అట్ట పరిచి ఆడే బల్లాట. ఆటలోని బజారులో నలుగురు వ్యాపారులు ఒకరితో ఒకరు పోటీపడతారు. పాచిక వేసి అత్తరు, ముత్యాలు, గాజులు, ఖర్జూరాల కార్డులు సంపాదించుకుని, వాటిని అమ్ముకుంటూ దుకాణాలు పట్టాలి. ఐదు దుకాణాలు ఎవరివైతే వారే బజారుకు రాజు. నియమాల పుస్తకాన్ని అతను మూడుసార్లు చదివాడు. పదింటికి డైనింగ్ టేబుల్ మీద అట్ట పరిచి, తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, వ్యాపారం అంటే ఏమిటో వివరించడం మొదలుపెట్టాడు. తాతకు దగ్గులు నేర్పినట్టు ఉందని అతని భార్య కీర్తిప్రియ వంటింట్లో నవ్వుకుంది.

"సమజైంది తియ్యి కొడుకా," అంది మాణిక్యమ్మ. "ముందుగాల బోణీ ఎవరిది?"

కృపాకర్ పదేళ్ల కూతురు బేబీ నానమ్మ దగ్గర మొదటి కార్డు కొంది. మాణిక్యమ్మ ఆటనోటును కళ్లకద్దుకుని, గ్లాసులో వేళ్లు ముంచి మిగిలిన కార్డుల మీద నీళ్లు చిలకరించింది.

"అమ్మా, అవి అట్టముక్కలు. తడిస్తే ఉబ్బుతయి."

"చల్లకుంటే సరుకు వాడిపోదా?"

అది చేతి అలవాటు. ముప్పై ఆరేళ్ల చెయ్యి ఊరుకోమంటే ఊరుకుంటుందా? అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. కార్డు కొన్నవాళ్లకల్లా ఆమె ఇంకో ఖర్జూరం కార్డు కొసరు వేయసాగింది. బేబీ ఇక తండ్రి దుకాణం వైపు కన్నెత్తి చూడలేదు. కీర్తిప్రియ సైతం తాలింపు మధ్యలో వచ్చి అత్తగారి దగ్గరే కొనిపోయింది.

"కొసరు రూల్స్‌ల లేదు," అన్నాడు కృపాకర్ పుస్తకం చూపిస్తూ.

"రాసినోడు ఎన్నడన్న కూరగాయలు కొన్నడా?"

పదిన్నరకల్లా అతనికి ఒక్క గాజుల దుకాణం మిగిలింది. ఆట పన్నెండు దాకా సాగేలా లేదు. సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడైంది.

వచ్చింది కృష్ణమ్మ. మార్కెట్లో అమ్మ పక్క జాగా ఆమెది. ఇద్దరిదీ టమాటాయే. ముప్పై ఏళ్లుగా ఆ ఇద్దరి లొల్లి వినకుండా మాదన్నపేటలో తెల్లవారలేదు. కృపాకర్ గబగబా బయటికి వెళ్లి తలుపు దగ్గరికి వేశాడు.

"అత్తా, జాగాల సంగతి అమ్మకు చెప్పకు. నీకు దండం పెడత."

"నేనెందుకు చెప్త బిడ్డా?" అంది కృష్ణమ్మ తాపీగా. "ఆమె రాకుంటే ఆ జాగ గూడ నాకే వస్తది."

అతనికి ప్రాణం లేచివచ్చింది. పగవాళ్లను నమ్ముకోవడంలో ఉన్న సుఖం ఆ రోజే తెలిసింది. అయినా నోరు జారుతుందేమోనన్న భయంతో, "రా అత్తా, ఒక్క ఆట ఆడిపో," అని తానే కుర్చీ జరిపాడు.

ఇద్దరు టమాటా వ్యాపారులు అత్తరు దగ్గర ఎదురుపడ్డారు. మాణిక్యమ్మ ధర చెప్పీ చెప్పకముందే కృష్ణమ్మ రెండు తగ్గించి అరిచింది. ఈమె కొసరు ఒకటి వేస్తే ఆమె రెండు వేసింది. ఆ కేకలకు పై అంతస్తువాళ్లు కిటికీలు తెరిచారు. చిల్లర ఎక్కువ వచ్చిందనుకుని బేబీ రెండు నోట్లు తిరిగి ఇవ్వబోతే, "ఉంచుకో బిడ్డా, రేపు గూడ నా దగ్గరికే వస్తవు," అంది మాణిక్యమ్మ. కృపాకర్ గాజుల దుకాణం ఈలోగా ఎవరి పాలైందో అతనికే తెలియలేదు.

పావుగంటకు మార్కెట్లో నిమ్మకాయలు అమ్మే అంజన్ వచ్చాడు. కృష్ణమ్మను పిలుచుకురమ్మని మార్కెట్ నుంచి పంపారు. అతను నోరు తెరవబోతుండగా కృపాకర్ భుజం మీద చెయ్యివేసి లోపలికి లాక్కొచ్చాడు. "అంజన్ భాయ్, కూసో. చాయ్ తాగు." ఆటలో బిళ్లలు నాలుగే ఉన్నాయి. అంజన్ జేబులోంచి నిమ్మకాయ తీసి అట్ట మీద పెట్టాడు. పాచిక పడ్డప్పుడల్లా అది దొర్లి పక్కవాళ్ల దుకాణంలో దూరేది. దూరిన చోటు తనదేనని అతని వాదన.

అంజన్‌ను వెతుక్కుంటూ మార్కెట్ కమిటీ అధ్యక్షుడు బుచ్చయ్య వచ్చాడు. నాయకుడు కదా, అతన్ని సోఫాలో కూర్చోబెట్టి తగాదా తీర్చమన్నాడు కృపాకర్. నిమ్మకాయ ఎవరిదో తేల్చడానికి బుచ్చయ్య తలపాగా విప్పి పక్కన పెట్టాడు. తలపాగా విప్పాడంటే ఇప్పట్లో లేవడని మార్కెట్లో అందరికీ తెలుసు. కీర్తిప్రియ మూడోసారి చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టింది. అధ్యక్షుడి కోసం వచ్చినవాళ్లు మెట్ల మీద, వాళ్ల కోసం వచ్చినవాళ్లు గల్లీలో చేరారు. ఒక్కరిని ఆపబోయి ఊరినంతా పోగుచేసుకున్న కృపాకర్, తేలు కుట్టిన దొంగలా గోడ గడియారం కింద నిలబడ్డాడు. పన్నెండుకు పది నిమిషాలు తక్కువ. ఇంకొక్క పది నిమిషాలే.

అప్పుడు మెట్లెక్కి వామన్‌రావు వచ్చాడు. రిటైరైన హెడ్‌క్లర్కు, కమిటీ రిజిస్టరు రాసేది ఆయనే. చంకలో రిజిస్టరుతో, చెమట తుడుచుకుంటూ గది చుట్టూ చూశాడు.

"అక్కడ ఖాళీ షెడ్డుకు నేనొక్కణ్నే కాపలా. అధ్యక్షుడు ఈడనే, మెంబర్లు ఈడనే. పన్నెండుకు నేను పూజకు కూసోవాలె. బుచ్చయ్యా, ఏం జేద్దాం?"

"ఈడనే రాసెయ్యండి సార్," అన్నాడు బుచ్చయ్య పాచిక మీంచి చూపు తిప్పకుండా.

బల్లాట అట్ట పక్కకు జరిగింది. దాని స్థానంలోకి రిజిస్టరు వచ్చింది. "ముందుగాల ఎవరు?" అని అడిగాడు వామన్‌రావు. కృపాకర్ మరోసారి గడియారం చూశాడు.

"మాణిక్యమ్మది రాయండి," అంది కృష్ణమ్మ. "ఆరు నెలల సంది పొద్దుగాల్నే ఆమె జాగల నా ఖాళీ గంప పెట్టి కాపాడిన. ఎవ్వన్ని కూసోనియ్యలే."

కృపాకర్ కృష్ణమ్మ వైపు తిరిగాడు. "అత్తా, ఆ జాగ నీకు వస్తదంటివి."

"వస్తదన్న. కావాలన్ననా?"

మాణిక్యమ్మ రిజిస్టరులో వేలిముద్ర వేసి, వేలిని కొంగుకు తుడుచుకుంది. "కిష్టమ్మది నా పక్కకే రాయి సారూ. దాని లొల్లి లేకుంటే నాకు గిరాకి రాదు."

"అమ్మా, నీకు ముందే ఎరుకనా?"

"రాత్రి కిష్టమ్మ ఫోన్ల చెప్పింది, పొద్దుగాల ఇంటికి వస్తనన్నది. లేస్తే నువ్వు ఆపుతవని కూసున్న. కూసున్నోళ్లను ఎవడు ఆపుతడు?" అని, కొడుకు ముఖం చూసి కాస్త మెత్తబడింది. "కొత్త షెడ్డుల నడుమంత ఎత్తు గద్దెలు కట్టిన్రురా. కాళ్లు కిందికి యేసి కూసోవచ్చు. నువ్వు ఒక్కసారి అటు పోయి చూసినా ఎరుకైతుండె."

అతను చూడలేదు. గల్లీ పొడవునా, తన అమ్మ ఉన్న చోటికి చేరిన ఇంతమందిని కూడా అంతకుముందెప్పుడూ చూడలేదు. ఇన్నాళ్లూ ఆమెకు విశ్రాంతి ఇస్తున్నాననుకుని ఆమె రాజ్యాన్ని లాక్కున్నానని అతనికి అర్థమైంది. సిగ్గు వేసింది. సిగ్గుకన్నా ఎక్కువగా గర్వం కలిగింది. కుర్చీలోంచి లేవకుండా బజారుకు బజారునే ఇంటికి నడిపించిన మనిషి కడుపున పుట్టినందుకు ఛాతీ ఉబ్బింది.

"సోమవారం గంప నేనే మోస్త అమ్మా," అన్నాడు.

"మొయ్యి. ముందుగాల ఆ తడిసిన కార్డులు ఎండల పెట్టు."

సోమవారం తెల్లవారుజామున కృపాకర్ గంప మోశాడు, తల్లిని గద్దె మీద కూర్చోబెట్టాడు, బేరమాడకుండా రెండు కిలోలు కొని బోణీ చేశాడు. నోటును కళ్లకద్దుకుంటున్న అమ్మను చూసి కళ్లు తుడుచుకుంటూ ఆఫీసుకు వెళ్లాడు. పక్క గద్దె మీద కృష్ణమ్మ అవే టమాటాలు కిలోకు ఐదు రూపాయలు తక్కువకు అమ్ముతోందని అతనికి మధ్యాహ్నం తెలిసింది.