దుప్పటి నాలుగవ మూల

తూర్పున భానుడు ఇంకను పళ్ళు తోముకొనుచుండగా, చెత్తబండి రథఘోషమునకు వీధికుక్కలు ప్రతిఘోషము సల్పుచుండగా, ఎదురింటి కుక్కరు ప్రథమ శంఖారావము గావింపగా, ఒకానొక వీధిలో, కింద కుట్టుదుకాణమును పైన కాపురమును గల ఒక ఇరుకు మేడలో, ఆరడుగుల పొడవు అయిదడుగుల వెడల్పు గల ఒక పరుపుపై జరిగిన ఘోరసంగ్రామమును గానము చేయబూనితిని. ఇందుకై పెద్ద దేవతలను పిలువను. వారికి పెద్ద యుద్ధములు చాల గలవు. ఓ నూలుపోగుల అధిదేవతా! నా వాక్కునకు ముడత పడకుండ కాపాడుము. శ్రోతలారా! ఆవులింత వచ్చినచో ఆపుకొనుడు. ఈ కథలో శత్రువు అదియే.

వీరుడెవ్వడందురా? కొలతటేపే కంఠహారముగా గలవాడు, కర్తరీఖడ్గధారి, జేబులకు జనకుడు, బొత్తాములకు బంధువు, వీధి యావత్తు ‘మాస్టారు’ అని పిలుచు దర్జీశిఖామణి. ఒకప్పుడు ఆతడు స్టూలుపై నుండి లేచినచో స్టూలు కూడ వెంట లేచెడిది. మోకాళ్ళు మొరపెట్టుకొనగా డాక్టరుగారు బరువు తగ్గించు సూదిమందు వ్రాసిరి. బతుకంతయు గుడ్డకు సూది గుచ్చినవానికి వారమునకొకమారు తన పొట్టకే సూది గుచ్చుకొను యోగము పట్టినది. మందు చక్కగా పనిచేసెను. ఆకలి యను అనాది శత్రువు కోట విడిచి అడవికి పోయెను. నడుము తగ్గెను, ఆతని ప్యాంటును ఆతడే రెండుమార్లు లోపలికి పట్టి కుట్టుకొనెను. అయితే ఆకలి ఒంటరిగా పోలేదు. పోవుచు పోవుచు సత్తువను కూడ చేయిపట్టుకొని తీసుకొనిపోయెను. ఖాళీయైన సింహాసనముపై నీరసాసురుడు కాలుమీద కాలు వేసుకొని కూర్చుండెను. మోతాదు పెంచిన పిమ్మట వాడు లేచుటయే మానెను.

ఇక వీరపత్ని. ఆమె ఆసుపత్రిలో నర్సు. వీధి వీధంతయు ఆమెను సిస్టరు అని పిలుచును. ఆ పిలుపునకు అర్హత లేనివాడు ఊరిలో ఆమె భర్త యొక్కడే. రాత్రి డ్యూటీ పడినప్పుడు, వార్డులో ఒకరి దిండు సవరించి, ఒకరి దుప్పటి మార్చి, ఒకరి కాళ్ళు ఎత్తి పెట్టి, ఊరందరి పక్కలు సర్ది సర్ది ఆమె తెల్లవారి ఇల్లు చేరును. అప్పటికి తన పక్క ఎవరైనా సర్ది ఉంచినచో చాలునని ఆమె కోరిక. పెండ్లియైన నాటి నుండి ఆ పక్క సర్దువాడు మాస్టారే. నగలు చేయించలేదు, విమానమెక్కించలేదు; ఉతికిన దుప్పటి మాత్రము ఏనాడును తప్పలేదు.

పోయిన వారము తప్పెను. ఆమె వచ్చునప్పటికి ఆతడు బోసి పరుపుపై అడ్డముగా పడి గురక పెట్టుచుండెను. ఆమె లేపలేదు. కిందికి పోయి, దుకాణములోని కత్తిరింపు బల్లపై, ఎవరిదో కోటుగుడ్డ తలకింద పెట్టుకొని నిద్రించెను. మధ్యాహ్నము మెలకువ వచ్చి కిందికి దిగిన వీరుడు చూచినదేమి? నిద్రించుచున్న భార్య బుగ్గపై దర్జీసుద్ద గీత! ఆమె లేచి ముఖము కడుగుకొని పనిలో పడెను. తిట్టినచో బాగుండెడిది. సిగ్గుతో ఆతని తల ఆ దినమంతయు మిషనుపై నుండి లేవలేదు.

కావున నేటి యుద్ధమున ఓటమికి తావు లేదు. అయినను వీరుడు ముందటి రాత్రియే సగము ఓడి ఉండెను. డ్యూటీకి పోవుచు భార్య గడప వద్ద ఆగి చేసిన హితోపదేశమును ఆలకింపుడు.

“గుడ్డు ఉడకబెట్టి గిన్నెలో పెట్టాను. పెరుగు కూడా ఉంది. తినండి.”

“ఆకలి లేదే.”

“ఆకలి వేస్తే తినడం పాతమాట మాస్టారూ. ఇప్పుడు గడియారం చూసి తినాలి. మందు ఆకలిని ఆపుతుంది గానీ ఒంటి అవసరాన్ని ఆపదుగా? తినకపోతే నీరసం రాక నెత్తిన కిరీటం వస్తుందా?”

“సర్లే, తింటాలే.”

“నీళ్ళు కూడా.”

“తాగుతాలే.”

‘తింటాలే’ అను మాటను నమ్మి చెడిన ఇల్లాండ్రు లోకమున ఎందరో! ఆమె మెట్లు దిగగానే వీరుడు గిన్నె మూత తీసి చూచి, మరల మూసెను. తినకున్నచో ఇంకను వేగముగా తగ్గుదును గదా యని ఆతని లెక్క. గజము గుడ్డలో గోరంత తేడాను పట్టువానికి ఈ లెక్కలోని తప్పు పట్టుబడలేదు.

తెల్లవారెను. వీరుడు దుప్పటి చేతబూని రణరంగమున నిలిచెను. అది సామాన్యమైన దుప్పటి కాదు. నాలుగు వైపుల ఎలాస్టిక్ గలది, ఆతడే స్వహస్తములతో కుట్టినది. “ముడత కనబడితే మిషను అమ్మేస్తా” నని అప్పుడు భార్య ఎదుట శపథము పట్టి, ఆ పౌరుషములో ఒక అంగుళము తక్కువ కత్తిరించెను. ఊరందరి చొక్కాలలో లోపల గుడ్డ వదలి, ‘రేపు లావెక్కితే విప్పుకోవచ్చు’ నని చెప్పు దూరదృష్టిశాలి, తన పరుపుకు మాత్రము వదలలేదు. పరుపు లావెక్కదు గదా యనుకొనెను. నిజమే, పరుపు లావెక్కలేదు. తాను సన్నబడెను. ఆపద అటునుండి వచ్చెను.

ఎట్లందురా? ఆ బిగువైన దుప్పటి నాలుగవ మూలను లాగినచో ఎదురుమూల ఊడును. దానికి మాస్టారు కనిపెట్టిన వ్యూహమొకటి గలదు: పరుపుపై బోర్లపడి, కాళ్ళను ఆగ్నేయముపై పారవేసి, పొట్టను నడుమ లంగరుగా దించి, చేతులు చాచి వాయవ్యమును లాగుట. ఇన్నేండ్లు ఆ వ్యూహము చెడలేదు. ఇప్పుడు లంగరు తేలికయ్యెను. వేరొక దుప్పటి పరవవచ్చును గదా యని వెనుక వరుసలోని వారు గొణుగుచున్నారు. పరవవచ్చును. అది బకెట్టులో నానుచున్నది. ఇక నన్ను అడ్డుకొనకుడు.

ఈశాన్యము లొంగెను. ఆగ్నేయము లొంగెను. నైరృతికి వచ్చుసరికి వీరుని ఊపిరి మిషను పాత బెల్టువలె జారజొచ్చెను. గోడను పట్టుకొని నిలిచి, పళ్ళు బిగించి, దానిని కూడ తొడిగెను. పిదప బోర్లపడి వాయవ్యమును పట్టి లాగెను. టప్పు! ఆగ్నేయము ఊడెను. లేచి, చుట్టు తిరిగి, తొడిగి, మరల పడి లాగెను. టప్పు! ఇట్లు పరుపు చుట్టు ప్రదక్షిణములు చేసి చేసి, కడపటిమారు పడినవాడు పడినట్లే ఉండిపోయెను. పరుపు మెత్తగా ఉండెను. చెంప చల్లగా ఆనెను. అప్పుడు నిద్రాదేవి దిండు చాటునుండి తేనెలొలుకు కంఠముతో నిట్లు పలికెను:

“దర్జీశిఖామణీ! ఎందులకీ ప్రయాస? మూడు మూలలు గెలిచినవాడు ముక్కాలు లోకమును గెలిచినట్లే. నీ కనురెప్పలు ఎంత బరువైనవో చూడుము. నీ దేహమున బరువు తగ్గనివి అవి రెండే. మూయుము. ఒక్క నిమిషము. ఒక్క నిమిషము పడుకొని చెడినవాడు ముల్లోకములలో ఎవ్వడు?”

వీరుడు సగము మూసిన కన్నులతో ప్రత్యుత్తరమిచ్చెను: “మాయావినీ! చెడినవాడను నేనే. పోయిన వారము కూడ నీవు ఒక్క నిమిషమనియే అంటివి. ఆ నిమిషము మధ్యాహ్నము దాక సాగెను. ఆమె బల్లపై పడుకొనెను. ఆ సుద్దగీతను నేను మరువలేను. తొలగుము!”

అని లేచెను. లేచినది ఆతడే, నిలిపినది గోడ. కన్నులు బైర్లు గ్రమ్మెను. అప్పుడు, ఆలస్యముగానైనను, ఒక సత్యము ఆతనికి గోచరించెను: దారము లేని బాబిను పెట్టి మిషను ఎంత తొక్కినను కుట్టు పడదు.

వంటింటికి పోయి కుర్చీలో కూలబడి గిన్నె మూత తీసెను. గుడ్డు తెల్లగా, గుండ్రముగా, నిర్దయగా చూచెను. ఒకప్పుడు ఇట్టివానిని మాత్రలవలె మింగిన మహాభోక్త ఈ ఒక్కదానిని ముక్కలు చేసి, ముక్కను మరల ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు ఉప్పద్ది, కన్నులు మూసి, శత్రుసైన్యమును నలిపినట్లు నమిలెను. గొంతు వద్దనెను. ఆతడు తొందరపడలేదు. మెల్లగా నీళ్ళు త్రాగెను. పడక వంక చూడక, కుర్చీలోనే కొంతసేపు కూర్చుండెను. అరగ్లాసు నీళ్ళు, ఒక గుడ్డు, కాసింత ఓపిక: ఇదే ఆతని అక్షౌహిణి. గోడ సాయము లేకుండ లేవగలిగినప్పుడు ఆతనికి ఎంత సంతోషము కలిగెనో నేను చెప్పలేను.

లేచినవాడు పడకగదికి పోలేదు. మెట్లు దిగి దుకాణమునకు పోయి, బల్ల మీది పాత ఇస్త్రీపెట్టెను రెండు చేతుల మోసికొని వచ్చెను. నడుమ మెట్టుపై ఒకమారు కూర్చుండెను. అది ఓటమి కాదు, విడిది. ఊడిన ఆగ్నేయమును తొడిగి, పెట్టెను దానిపై నిలిపి, గద్గదస్వరమున నిట్లనెను: “లోహశ్రేష్ఠమా! ఇన్నేండ్లు ఈ చోట నేను చేసిన కొలువును నేడు నీకప్పగించుచున్నాను. నేను తగ్గితిని. నీవు తగ్గకుము.”

పిదప వాయవ్యము వద్ద నిలిచి, రెండు చేతుల పట్టి లాగెను. ఎలాస్టిక్ మూలిగెను. ఇస్త్రీపెట్టె కదలలేదు. వాయవ్యము పరుపు కిందికి జారి ఒదిగెను. ముడత లేదు!

అంతలో తలుపు తెరుచుకొని వీరపత్ని ప్రవేశించెను. చెప్పులు ఒకటి వాకిట, ఒకటి గదిలో విడిచెను, అంత అలసట.

“ఇదేంటి, ఇస్త్రీపెట్టెకి కూడా పక్క వేశారా?”

“బరువుకి పెట్టానే.”

“ప్లగ్గు?”

“వైరుతో సహా కిందే ఉండిపోయింది. చల్లగానే ఉంది, చూడు.”

ఆమె చేయి పెట్టి చూచెను. నర్సు గదా.

“గుడ్డు తిన్నారా?”

“తిన్నా.”

“రాత్రా?”

వీరుడు అబద్ధమునకు నోరు తెరచి, మూసెను. “పొద్దున. ఇందాకే.”

“అనుకున్నా. ఇలా మాడితే సన్నబడటం కాదు, మంచాన పడతారు. ఈ నీరసం సంగతి ఇవాళ డాక్టరుగారికి ఫోన్ చేసి చెబుదాం. మోతాదు ఆయన చూసుకుంటారు.”

“పోయిన వారం నీ బుగ్గ మీద సుద్ద...”

“కడిగితే పోయింది కదండీ.”

“నాకు పోలేదే.”

ఆమె ఆతని వంక చూచెను. దుప్పటిపై అరచేతితో ఒకమారు నిమిరి, పడుకొనెను. “ఆ పెట్టె తియ్యండి, కాలికి తగుల్...” మాట ముగియకుండనే నిద్రపోయెను.

వీరుడు పెట్టెను తీసెను. టప్పు! ఆగ్నేయము ఊడి ఆమె పాదముల వైపు చుట్టుకొనసాగెను. తొడిగినచో పరుపు కదలును. కదలినచో ఆమె లేచును. మాస్టారు క్షణమాలోచించి, జారుచున్న మూలను చేత నొక్కిపట్టి, చప్పుడు కాకుండ దానిపై కూర్చుండెను.

కింద ఎవరో షట్టరు తట్టి, “మాస్టారూ! నా ప్యాంటు అయిందా?” అని కేకవేసిరి. ఆతడు కూర్చున్నచోటు నుండియే కిటికీలోనుండి చేయి చాచి, రేపు అని సైగ చేసెను.

దుందుభులు మ్రోగింపుడు! మెల్లగా మ్రోగింపుడు, ఆమె నిద్రించుచున్నది. ఎన్నో కిలోలు కోల్పోయిన మహావీరుడు, మిగిలిన బరువంతయు ఒక్క మూలపై మోపి, గోడకు తల ఆనించి, కూర్చున్నచోటనే కునుకు తీసెను. ఆ బరువు చాలెను. దుప్పటి లేవలేదు, ఆమెయు లేవలేదు.